పిల్లల సైకిలు చైను బిగించడం: అర అంగుళం వదులు కథ

మా అమ్మాయి సైకిలు బొబ్బిలి నుంచి వచ్చింది. మా వదినగారి అబ్బాయికి మోకాళ్లు హ్యాండిలుకు తగలడం మొదలయ్యాక ఆ 16 అంగుళాల సైకిలు ఏడాదిపాటు వాళ్ల మేడమెట్ల కింద నిలబడింది. తరువాత విజయనగరంలో మా ఇంటికి చేరింది. వచ్చిన వారంలోనే చైను నాలుగుసార్లు పడింది. నాలుగోసారి కోట గోడ పక్క నుంచి సైకిలు తోసుకుంటూ వచ్చిన పిల్లకు రెండు అరచేతులూ నలుపే. మిగిలిన నలుపు గౌనుకు అంటింది. ఆ సాయంత్రమే పానా పట్టుకుని కూర్చున్నాను. బొబ్బిలి నుంచి వచ్చింది కదా అనుకున్నానేమో, చైనును వీణ తీగలా బిగించేశాను. మర్నాడు పిల్ల ఒక్క మాటే అంది: "నాన్నా, సైకిలు బరువెక్కింది."

నిజంగానే బరువెక్కింది. గంట స్తంభం దగ్గర సైకిళ్లు బాగుచేసే పెద్దాయన చైను మీద చూపుడువేలు ఒక్కసారి ఆనించి తీసేశారు. "ఇది బట్టలారేసే తీగ బాబూ. చైను ఇలా ఉండకూడదు, కాస్త నవ్వుతున్నట్లు ఉండాలి" అన్నారు. కింది వరస చైను మధ్యలో కొంచెం వంగి ఉండటాన్ని ఆయన నవ్వు అంటారు. ఆ నవ్వు ఎంత ఉండాలి, ఎక్కడ కొలవాలి, నట్టు బిగించేటప్పుడు అది మాయం కాకుండా ఎలా పట్టుకోవాలి అన్నదే ఇందులో అసలు పని. మిగతాది రెండు నట్లు విప్పి బిగించడమే.

చైను ఎందుకు వదులవుతుంది

గేర్లున్న పెద్ద సైకిలుకు వెనక స్ప్రింగుతో వేలాడే చిన్న చక్రాల అమరిక ఒకటి ఉంటుంది. చైనులో మిగిలిన వదులునంతా అదే లాగి పట్టుకుంటుంది. పిల్లల సైకిలుకు ఆ అమరిక లేదు. పెడల్ దగ్గర ఉన్న పెద్ద పళ్ల చక్రం చైన్‌వీల్, వెనక చక్రం మీద ఉన్న చిన్నది ఫ్రీవీల్. ఈ రెండింటి మధ్య దూరమే చైను బిగువు. వెనక చక్రం ఇరుసు ఫ్రేము చివర ఉన్న పొడవాటి గాడిలో కూర్చుంటుంది. ఇరుసును ఆ గాడిలో వెనక్కి జరిపితే చైను బిగుస్తుంది, ముందుకు జరిపితే వదులవుతుంది. విధానం అంతే.

"చైను సాగిపోయింది" అని అందరూ అంటారు కానీ, ఉక్కు పలకలు రబ్బరులా సాగవు. ప్రతి లింకులోనూ పిన్ను, దాని చుట్టూ గొట్టం లాంటి బుష్షు ఒకదానికొకటి రాసుకుని వెంట్రుక వాసిలో అరుగుతాయి. పిల్లల సైకిలు చైనులో కూడా ఇలాంటి కీళ్లు డజన్ల కొద్దీ ఉంటాయి. ఒక్కో కీలు దగ్గర వెంట్రుక వాసి చొప్పున కలిస్తే మొత్తం చైను కంటికి కనిపించేంత పొడవవుతుంది. బుష్షు, దాని మీద తిరిగే రోలరు ఉన్న ఈ చైను పద్ధతి 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ పేటెంటు తీసుకున్నది. ఇప్పటికీ అదే నడుస్తోంది.

రెండో కారణం మరీ మామూలుది: నట్టు వదులు కావడం. పిల్లలు సీటు మీద కూర్చుని తొక్కరు, లేచి నిలబడి తొక్కుతారు. ఆ బరువంతా చైను ద్వారా ఇరుసు కుడి కొనను ముందుకు లాగుతుంది. నట్టు పట్టు చాలకపోతే ఆ కొన గాడిలో ముందుకు జారి, చక్రం ఏటవాలుగా నిలబడుతుంది. వెనక టైరు ముందు అంచు ఎడమవైపు ఫ్రేము గొట్టానికి రాసుకుంటూ కనిపిస్తే జరిగింది ఇదే. మా సైకిలు సంగతి అదే. చైనులో తప్పేమీ లేదు.

పానా పట్టకముందు చూడవలసినవి

చైను పడిన ప్రతిసారీ వదులే కారణం అనుకోవద్దు. సైకిలును పక్కనుంచి కాకుండా పైనుంచి, వెనకనుంచి చూడండి. చైన్‌వీల్, ఫ్రీవీల్ ఒకే గీతలో ఉండాలి. సైకిలు కుడివైపు పడి చైన్‌వీల్ ఒక పక్కకు వంగితే, పెడల్ తిప్పినప్పుడు అది నీళ్లలో ఊగే పడవలా అటూ ఇటూ కదులుతుంది. అలాంటప్పుడు ఎంత బిగించినా చైను పడుతూనే ఉంటుంది. పెడల్ చేతిని, అంటే క్రాంకును పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. టక్‌టక్‌మని ఆడితే లోపల బేరింగు వదులైందన్న మాట. ముందు అది బాగుచేయించాలి. ఫ్రీవీల్ పళ్లు కూడా చూడండి. కొత్త పన్ను రెండు వైపులా సమానంగా ఉంటుంది, అరిగిన పన్ను ఒక వైపు కొడవలి ముక్కులా వంగుతుంది. పళ్లు ఆ స్థితికి వస్తే ఫ్రీవీలు, చైను రెండూ కలిపే మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే ఎక్కిదిగుతూ జారుతుంది.

ఇంట్లో ఉండవలసిన సామాను పెద్దగా లేదు. వెనక నట్టుకు సరిపడే పానాలు రెండుంటే మంచిది. పిల్లల సైకిళ్లకు ఎక్కువగా 15 మిల్లీమీటర్లు, కొన్నింటికి 14 సరిపోతాయి. నట్టు అంచులు గుండ్రంగా అరగకుండా ఉండాలంటే మూసిన రింగు పానా వాడండి. సందులు పెట్టి తిప్పే అడ్జస్టబుల్ పానాతో పని అవుతుంది కానీ రెండోసారికి నట్టు పాడవుతుంది. వీటితోపాటు చైను కవరు మరలకు ఒక స్క్రూడ్రైవరు, పాత బనియను ముక్క, కుట్టుమిషను నూనె, పిల్లల పెన్సిలు పెట్టెలోంచి ఒక స్కేలు తీసుకోండి. పాత హవాయి చెప్పు ముక్క ఒకటి కూడా పక్కన పెట్టుకోండి, దాని అవసరం తరువాత వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు పిల్లను కొంచెం దూరంగా కూర్చోబెట్టండి. పిల్ల చూడాలి, నేర్చుకోవాలి, కానీ వేళ్లు చైను దగ్గరకు రాకూడదు. తిరుగుతున్న చైను, పళ్ల మధ్య వేలు పడితే కొన తెగేంత పని అవుతుంది. పెద్దవాళ్లు కూడా పెడల్ తిప్పుతూ గుడ్డతో చైను తుడిచే అలవాటు మానుకోవాలి. గుడ్డ పళ్లలో చిక్కితే వెంట వేలునూ లాక్కుపోతుంది. తుడవాలంటే పళ్లకు దూరంగా, కింది వరస మధ్యలో, ఆపి ఆపి తుడవండి.

అన్నీ విప్పడం

సైకిలును తలకిందులు చేసి పాత గోనెసంచి మీద సీటు, హ్యాండిలు ఆనేలా నిలబెట్టండి. గంట, బ్రేకు పిడి నేలకు నలగకుండా చూసుకోండి. ఇలా చేసినప్పుడు కుడి, ఎడమ తికమక పడతాయి. అందుకే ఇక్కడి నుంచి కుడి ఎడమలు వదిలేసి "చైను వైపు", "చైను లేని వైపు" అనే చెబుతాను. పైనా కిందా కూడా తారుమారవుతాయి: మామూలుగా కింద ఉండే వరస ఇప్పుడు పైకి వస్తుంది.

సైడు చక్రాలు ఉంటే అవి వెనక ఇరుసు నట్టు కిందే బిగించి ఉంటాయి. మడ్‌గార్డు కమ్మీ, క్యారియరు కమ్మీ, కొన్ని సైకిళ్లకు స్టాండు కూడా అదే నట్టు కింద కూర్చుంటాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది తీసేటప్పుడు అతి సులువుగా గుర్తుంటుంది, పెట్టేటప్పుడు మాత్రం గుర్తుండదు. అందుకని విప్పకముందే రెండు వైపులా ఫోనుతో ఒక్కో ఫొటో తీయండి. విప్పిన వాషర్లు, కమ్మీలు వచ్చిన వరసలోనే ఒక పళ్లెంలో పేర్చండి. గరుకు పళ్లున్న వాషరు ఫ్రేముకు ఆనే వైపు ఏ ముఖం ఉందో కూడా ఫొటోలో కనిపించాలి. దాని పట్టే ఇరుసును జారకుండా ఆపేది.

చైను మీద పూర్తి కవరు ఉంటే దాని మరలు తీసి పక్కన పెట్టండి. కొందరు కవరు తీయకుండా, చిన్న కిటికీలోంచి వేలు పెట్టి చూసి బిగించేస్తారు. నేను ఒప్పుకోను. కొలవాల్సిన చోటు కవరు మధ్యలో ఉంటుంది.

వెనక బ్రేకు సంగతి ఒక్క మాట. రిమ్మును రబ్బరు ముక్కలతో పట్టే బ్రేకు అయితే ఇప్పుడు ఏమీ తీయనక్కరలేదు. ఇరుసు దగ్గర డ్రమ్ములా ఉండే బ్యాండు బ్రేకు అయితే, దాని చెయ్యిని ఫ్రేముకు కట్టిన క్లిప్పు మరను ఒకటిన్నర చుట్టు వదులు చేయండి. లేకపోతే చక్రం జరగదు. వెనక్కి తొక్కితే ఆగే బ్రేకు ఉన్న సైకిలుకూ అలాంటి చెయ్యే చైను లేని వైపు ఉంటుంది. ఆ రకం సైకిలులో బ్రేకు పనిచేసేది చైను ద్వారానే. చైను పడిన క్షణంలో బ్రేకు కూడా పోయినట్లే. అలాంటి సైకిలుకు చైను వదులును ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి.

అసలు కొలత

ఇరుసు నట్లు ఇంకా విప్పకండి. ముందు ఇప్పుడు ఎంత వదులు ఉందో తెలియాలి.

చైన్‌వీల్‌కూ ఫ్రీవీల్‌కూ సరిగ్గా నడిమధ్యన చైను మీద ఒక వేలు పెట్టండి. స్కేలును నిలువుగా పక్కన పట్టుకోండి. వేలితో చైనును మెల్లగా పైకి లేపి చివర ఎక్కడుందో చూడండి, తరువాత కిందికి నొక్కి చూడండి. ఆ రెండు చోట్ల మధ్య దూరం 10 నుంచి 12 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అర అంగుళం, ఉంటే అది సరైన నవ్వు. స్కేలు అందుబాటులో లేకపోతే నా చిటికెన వేలి మందమే నా స్కేలు. నొక్కడానికి బలం వద్దు. చపాతీ ఉడికిందో లేదో చూసే బలం చాలు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, నేనూ మొదటిసారి ఇక్కడే ఆగిపోయాను. ఒక్క చోట కొలిచి సరిపోయిందనుకున్నాను. కానీ చైన్‌వీల్ అనేది, అందులోనూ పిల్లల సైకిలుది, కచ్చితమైన గుండ్రం కాదు. పైగా అది క్రాంకు ఇరుసుకు నడిమధ్యన కూర్చోకపోవచ్చు. అందువల్ల పెడల్‌ను కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోతే చైను ఒకచోట బిగుసుకుంటుంది, మరోచోట సడలుతుంది. పెడల్‌ను గడియారంలోని ముల్లులా ఊహించుకుని, గంట గంటకూ ఆపి, వేలితో నొక్కి చూడండి. వెనక్కి తిరిగే ఫ్రీవీలు ఉన్న సైకిలుకు పెడల్‌ను వెనక్కే తిప్పవచ్చు, చక్రం కదలదు. మా అమ్మాయి సైకిలుకు పెడల్ రెండు గంటల చోట ఉన్నప్పుడు వదులు 4 మిల్లీమీటర్లు, ఎనిమిది గంటల చోట 11. ఒకే చైనులో అంత తేడా. నేను మొదట బిగించింది ఆ ఎనిమిది గంటల చోట. రెండు గంటల చోటికి వచ్చేసరికి అది తీగలా బిగిసి, పిల్ల మోకాళ్లకు ఆ బరువు తెలిసింది.

కాబట్టి నియమం ఇది: చైను అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటును వెతికి, ఆ చోట చిటికెన వేలి మందం వదులు ఉంచాలి. మిగతా చోట్ల ఇంకాస్త వదులు ఉంటుంది, ఉండనివ్వండి. ఎక్కువ వదులు ఉన్న చోట కూడా చైను పళ్ల మీదనుంచి లేవకపోతే చాలు. ఆ బిగువు చోట పెడల్ ఏ దిక్కున ఉందో చైన్‌వీల్ మీద చాక్‌పీసుతో గీత గీసుకోండి. ఇక ప్రతి కొలతా ఆ గీత అదే చోటుకు వచ్చినప్పుడే. తేడా 10 మిల్లీమీటర్లకు మించి ఉంటే చైన్‌వీల్ వంగిందేమో మళ్లీ చూసుకోవాలి.

ఇరుసును జరపడం

ఇప్పుడు రెండు నట్లూ వదులు చేయండి. పూర్తిగా విప్పడం కాదు, ఒక చుట్టు, ఒకటిన్నర చుట్టు. ఇరుసు గాడిలో కాస్త పట్టుకుంటూనే జరగాలి. పూర్తిగా వదిలితే చక్రం తలాడిస్తుంది, చెయ్యి చాలదు.

కొన్ని సైకిళ్లకు ఇరుసు రెండు చివర్లా చిన్న అడ్జస్టరు బోల్టులు ఉంటాయి. ఉంటే మీ అదృష్టం: రెండింటినీ సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఇరుసును వెనక్కి లాగండి. చాలా పిల్లల సైకిళ్లకు అవి ఉండవు. అప్పుడు పని చేతులతో చేయాలి.

మొదటి పద్ధతి: ఎడమ చేత్తో టైరును పట్టి వెనక్కి లాగి ఉంచి, కుడి చేత్తో చైను వైపు నట్టును బిగించడం. వినడానికి సులువు. చెయ్యి జారిన ప్రతిసారీ చక్రం ముందుకు పోతుంది. హవాయి చెప్పు ముక్క ఇక్కడికే. ఆ రబ్బరు ముక్కను మడిచి, వెనక టైరు ముందు అంచుకూ, సీటు కింది నిలువు గొట్టానికీ మధ్య కూరండి. అది చక్రాన్ని వెనక్కి తోసి పట్టుకుంటుంది. బిగువు ఎక్కువైతే ముక్కను కాస్త పైకి లాగండి, తక్కువైతే లోపలికి నెట్టండి. మడ్‌గార్డు అడ్డం వస్తే ఫ్రేము మూల ఉన్న గొట్టం దగ్గర కూరవచ్చు. చెక్క ముక్క వద్దు, టైరును గీకుతుంది.

రెండో పద్ధతి నాకు ఇష్టమైనది. దానికి పేరు లేదు కానీ నేను చక్రాన్ని నడిపించడం అంటాను, ఎందుకంటే బరువైన బీరువాను ఒక మూల, తరువాత మరో మూల జరిపి నడిపించినట్లే ఉంటుంది. ముందు రెండు నట్లను కాస్త బిగించి ఉంచండి. చైను లేని వైపు నట్టును వదిలి, టైరు ముందు అంచును చైను లేని వైపుకే నెట్టండి. అప్పుడు ఆ వైపు ఇరుసు కొన గాడిలో వెనక్కి జరుగుతుంది. ఆ నట్టు బిగించండి. తరువాత చైను వైపు నట్టును వదిలి, టైరును రెండు గొట్టాల నడిమధ్యకు తీసుకురండి. అలా తెచ్చేటప్పుడు చైను వైపు కొన కూడా వెనక్కి జరుగుతుంది, చైను ఇంకాస్త బిగుస్తుంది. ఆ నట్టు బిగించండి. ఒక విడతకు అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో కదులుతుంది. రెండు మూడు విడతల్లో చిటికెన వేలి వదులుకు వస్తుంది. తొందరపడితే ఒక్క తోపుకే దాటిపోతారు. దాటిపోతే అదే నడక తిప్పి నడవండి: చైను లేని వైపు నట్టు వదిలి టైరును చైను వైపుకు నెట్టడం, బిగించడం, తరువాత రెండో వైపు వదిలి మధ్యకు తేవడం.

చక్రం మధ్యన ఉందా అన్నది కంటితో తేల్చకండి. టైరుకూ ఒక్కో గొట్టానికీ మధ్య సందును వేలితోనైనా, మడిచిన కాగితంతోనైనా కొలవండి. రెండు వైపులా సమానంగా ఉండాలి. మా ఇంట్లో ఆ కొలత పిల్లదే. తన చూపుడువేలు రెండు వైపులా ఒకేలా దూరితే సరే, ఒక వైపు ఇరుక్కుంటే "అటు నాన్నా" అని ఏ వైపుకు జరపాలో చెబుతుంది. చైను తిరగనప్పుడు ఇది తనకు ఇవ్వదగిన పని.

నట్టు బిగించే వరస కూడా లెక్కే. చైను వైపు నట్టును కొంచెం, చైను లేని వైపు కొంచెం, మళ్లీ మొదటిది, మళ్లీ రెండోది. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకు వెళ్తే, నట్టు తిప్పే ఊపుకు ఇరుసు ముందుకో వెనక్కో జరిగి, కొలత మారుతుంది. చివరి బిగింపు తరువాత తప్పనిసరిగా చాక్‌పీసు గీత చోట మళ్లీ కొలవండి. నా అనుభవంలో ఆ చివరి బిగింపులో ఒకటి రెండు మిల్లీమీటర్లు మారుతుంది. అందుకే నట్టు చివర బిగించేముందు నేను వదులు 13, 14 మిల్లీమీటర్లు ఉంచి బిగిస్తాను.

ఎంత బిగించాలి? చేతిలో ఇమిడే పొడవు పానాను అరచేతితో గట్టిగా నొక్కినంత. పానాకు గొట్టం తొడిగి బలం పెంచకండి. పిల్లల సైకిలు ఇరుసు సన్నం, మరలు తెగితే ఇరుసే మార్చాలి.

బిగించాక చూడవలసినవి

పిల్ల ఎక్కకముందే చక్రాన్ని చేత్తో తిప్పండి. చక్రం ఆగకుండా తిరగాలి. ఏదో ఒక చోట రుద్దుతున్న చప్పుడు వస్తే బ్రేకు రబ్బరు చూడండి. చక్రం వెనక్కి జరిగితే రబ్బరు ముక్క రిమ్ము మీద పడే చోటు కూడా మారుతుంది. రబ్బరు పై అంచు టైరుకు తగులుతుంటే కొద్ది రోజుల్లోనే టైరు పక్క గోడ కోసుకుపోతుంది. కింది అంచు రిమ్ము దాటి గాలిలో ఉంటే బ్రేకు పట్టు సగమే. రబ్బరు నట్టు వదిలి రిమ్ము నడిమధ్యకు దించండి. బ్యాండు బ్రేకు అయితే వదిలిన క్లిప్పు మర బిగించడం మరవకండి. అది మరిస్తే బ్రేకు పట్టగానే చెయ్యి ఇరుసుతోపాటు తిరుగుతుంది. ఆ బ్రేకు తీగ కూడా చక్రం వెనక్కి పోవడంతో బిగుస్తుంది. బ్రేకు వదిలేశాక చక్రం హాయిగా తిరగాలి.

రిమ్మును పట్టుకుని పక్కలకు ఊపండి. ఇదివరకు లేనట్లు అటూ ఇటూ ఆడుతుంటే, నట్టు తిప్పేటప్పుడు లోపల బేరింగును పట్టి ఉంచే కోను కూడా తిరిగిందని అర్థం. దాన్ని సరిచేయడం తేలికే కానీ దానికి సన్నని కోను పానా కావాలి. షాపుకు తీసుకెళ్లండి.

సైడు చక్రాలు మళ్లీ పెట్టేటప్పుడు ఒక పొరపాటు దాదాపు అందరిదీ. రెండు చక్రాలూ నేలకు గట్టిగా ఆనేలా పెడతారు. అలా పెడితే గుంతలో వెనక టైరు గాలిలో తిరుగుతుంది, పిల్ల తొక్కినా సైకిలు కదలదు. సైకిలు నిటారుగా ఉన్నప్పుడు ఒక్కో చక్రం నేలకు పావు అంగుళం నుంచి అర అంగుళం పైన ఉండాలి. రెండు వైపులా సమానంగా ఉండాలి. ఇరుసు జరిగింది కాబట్టి పాత ఎత్తు మారి ఉంటుంది, మళ్లీ చూసుకోవాలి.

తరువాత పిల్లను ఎక్కించి ఇంటిముందు నాలుగు గజాలు మెల్లగా తొక్కించండి. అటుపిమ్మట నిలబడి తొక్కమనండి. టక్, టక్ అని పెడల్ చుట్టుకొక్కసారి చప్పుడు వస్తే చైను ఎక్కడో బిగుసుకుందనే. బరువెక్కిందని పిల్ల అంటే వెంటనే నమ్మండి, పిల్లల మోకాళ్లు అబద్ధం చెప్పవు.

గాడి అయిపోతే

ఇరుసు గాడి చివరికి వచ్చేసినా చైను వదులే అయితే చైను ఒక ముక్క తీయాలి. సైకిలు చైనులో ఒక పిన్నుకూ తరువాతి పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. లోపలి లింకు, వెలుపలి లింకు జతగా తీయాలి కాబట్టి తీసేది ఒక అంగుళం. చైను పైనా కిందా రెండు వరసలు ఉంటాయి కాబట్టి అంగుళం తీస్తే ఇరుసు దాదాపు అర అంగుళం ముందుకు పోతుంది. గాడిలో ముందుకు అంత చోటు ఉందో లేదో చూసిన తరువాతే తీయాలి. లేకపోతే తీసిన తరువాత చైను చక్రం మీదకు ఎక్కదు.

పిన్ను నొక్కే పనిముట్టు లేకుండా సుత్తితో కొట్టే ప్రయత్నం వద్దు, షాపుకు ఇవ్వండి. చైనుకు లాకు, అంటే తీసి పెట్టే లింకు ఉంటే దాన్ని తీయడం మాత్రం నేర్చుకోవచ్చు. ఆ లాకుకు పిన్నీసు ఆకారంలో క్లిప్పు ఉంటుంది. ఒక కొన మూసి ఉంటుంది, రెండోది చీలి ఉంటుంది. మూసిన కొన చైను పోయే దిక్కుకు ఉండాలి. సైకిలు నిటారుగా ఉన్నప్పుడు పై వరస చైను ముందుకు పోతుంది, కాబట్టి పై వరసలో ఉంటే మూసిన కొన హ్యాండిలు వైపు. తారుమారుగా పెడితే చీలిన కొన దేనికైనా తగిలి క్లిప్పు ఎగిరిపోతుంది.

చైనే మార్చాలా అన్నది తేల్చుకోవడానికి స్టీలు టేపు కావాలి. కుట్టు టేపు సాగుతుంది, వద్దు. చైను బిగువుగా ఉన్న వరసలో ఒక పిన్ను నడిమి నుంచి మొదలుపెట్టి, 24 లింకులు అవతల ఉన్న పిన్ను నడిమి వరకు కొలవండి. కొత్త చైనుకు సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. పదహారో వంతు అంగుళం ఎక్కువ వస్తే అరుగుదల మొదలైనట్లు, ఎనిమిదో వంతు ఎక్కువైతే మార్చే సమయం దాటినట్లు. బిగించడంతో ఆ చైను దారికి రాదు.

నూనె, ఉప్పుగాలి

కళింగపట్నంలో మా అక్కయ్య ఇంట్లో ఉన్న సైకిలుకు వేసవి సెలవులయ్యేసరికి చైను ఎర్రబడుతుంది. వంశధార సముద్రంలో కలిసే చోటుకు దగ్గర ఇల్లు, గాలిలోనే ఉప్పు ఉంది. విజయనగరంలో అంత లేదు కానీ వానాకాలంలో దుమ్ము, బురద కలిసి చైను కీళ్లలో గీకుడు కాగితంలా పనిచేస్తాయి. కిరోసిను గుడ్డతో తుడిచి, బాగా ఆరాక, ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క కుట్టుమిషను నూనె వేయండి. పెడల్ పది చుట్లు తిప్పి, పైకి కారిన నూనెను పూర్తిగా తుడిచేయండి. నూనె కీళ్ల లోపల ఉండాలి. పైన ఉన్న నూనె దుమ్మును పట్టుకోవడానికే పనికొస్తుంది. కొబ్బరినూనె, వంటనూనె వద్దు, కొద్ది రోజులకే జిగురులా గట్టిపడతాయి. నెలకొకసారి చాలు, సముద్రం దగ్గరైతే పదిహేను రోజులకు. నూనె రబ్బర్లకూ, రిమ్ముకూ తగలకూడదు, తగిలితే బ్రేకు జారుతుంది.

దసరాకు సైకిలు కడిగి బొట్టు పెట్టే అలవాటు మా వీధిలో ఇప్పటికీ ఉంది. నీళ్లు పోసి కడిగిన రోజే చైను ఆరబెట్టి నూనె వేయండి. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకు వెళ్లి వచ్చి మర్నాటికి వాయిదా వేస్తే, ఆ మర్నాటికి తుప్పు మొదలై ఉంటుంది.

చివరగా, బిగించిన తరువాత ఇరుసు నట్టు పక్కన ఫ్రేము మీద ఒక సన్నని గీత, నట్టు మీద దానికి ఎదురుగా మరో గీత, గోళ్ల రంగుతో పెట్టండి. రెండు వైపులా. వారం పది రోజుల్లో ఒకసారి వంగి చూస్తే చాలు, గీతలు తప్పితే నట్టు కదిలినట్లు. కొత్తగా బిగించిన నట్లు మొదటి వారంలోనే కాస్త వదులవుతాయి కాబట్టి ఆ వారంలో రెండుసార్లు చూడండి. మా సైకిలు గీతలు గులాబీ రంగువి. అమ్మమ్మ సీసాలోంచి తెచ్చి పెట్టింది పిల్లే, ఇప్పుడు ఆదివారం ఉదయం వంగి చూసేది కూడా తనే.